ఏమన్యాడో కూడా చెప్పు

మా అవ్వ పని పురమాయిస్తే అందులో సందు ఉండేది కాదు. "గానుగాయన దగ్గరికి పోయి నూనె తే పో" అని ఒక్క ముక్కలో వదిలేది కాదు. "రైలు కట్ట దాటు. వేపమాను పక్కన రెండో ఇల్లు. వాకిట్లో ఎవురన్నా కూసోనుంటే వాళ్లకు చెప్పొద్దు, ఆయప్పకే చెప్పు. సేరు నూనె కావాలంట, పాత బాకీ మాపటికి ఇస్తాదంట మా అవ్వ, అని చెప్పు. చెప్పి ఉత్త చేతులూపుకుంటా రావద్దు, ఏమన్యాడో కూడా వచ్చి చెప్పు. పో."

ఎనిమిదేళ్ల వాడికి ఇంత మాటలో వినబడేది చివరి "పో" ఒక్కటే. పరుగెత్తుకుంటూ పోయి, చెప్పాల్సింది చెప్పేసి, నూనె గిన్నె ఇంటి గడపలో పెట్టి గోలీలాటకు పోయేవాణ్ణి. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే అవ్వ అడిగేది. "ఏమన్యాడ్రా?"

"చెప్పినా అవ్వా."

"నువ్వు చెప్పినావు సరే. ఆయప్ప ఏమన్యాడు?"

దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. నలభై ఏళ్లు దాటినాక, తుగ్గలిలో నా చిన్న అంగట్లో కూర్చుంటే, ఒక కంప్యూటరు నన్ను మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

మాది డీటీపీ, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల అంగడి. పెళ్లి పత్రికలు, కర్మాంతరాల కార్డులు, పొలం అర్జీలు, పిల్లల హాల్ టికెట్లు. తొలకరి పడిందంటే ఇంకో రకం జనం కూడా వస్తారు. ఒక వాన కురిసి మట్టి కడుక్కుపోతే చాలు, జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో దిగుతారు. వాళ్లకు నా అంగట్లో కావాల్సింది ఫోను చార్జింగు, కూర్చోను బెంచీ.

పొద్దున అంగడి తెరిస్తే నా మొదటి పని కంప్యూటరులో ఆరు ప్రోగ్రాములు తెరవడం. తెలుగు కీబోర్డు ప్రోగ్రాము ఒకటి, పేజ్‌మేకర్ ఒకటి, ఫోటోషాప్ ఒకటి, స్కానరుది ఒకటి, బ్రౌజరు ఒకటి, లెక్కల ఎక్సెల్ ఒకటి. ఆరు చోట్ల ఆరుసార్లు నొక్కాలి. కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముని కొడుకు సంక్రాంతి సెలవుల్లో వచ్చి చూసి నవ్వినాడు.

"రోజూ ఆరుసార్లు ఎందుకు పెదనాయనా? ఒక్కటి నొక్కితే ఆరూ తెరుచుకునేట్టు స్క్రిప్టు రాసుకో."

"నాకు ప్రోగ్రాములు రాసేది యాడ వస్తాదిరా?"

"నువ్వేం ప్రోగ్రాము రాయనక్కర్లా. ఉన్నవాటిని పిలిస్తే చాలు."

పైథాన్ ఎక్కించి, రెండు వరుసలు చూపించి వాడు కర్నూలుకు పోయినాడు. మొదటి వరుసలో ఓఎస్ అనే మాడ్యూలును రమ్మనాలి, రెండో వరుసలో దానికి నోట్‌ప్యాడ్ పేరు చెప్పాలి. రాసి ఎంటర్ కొట్టినాను. మౌసు ముట్టుకోకుండానే తెల్లటి కిటికీ ఒకటి తెర మీదికి వచ్చి నిలబడింది. అందులో ఒక్క అక్షరం లేదు. అయినా ఆ పొద్దు దాన్ని చూసి నేను పడిన సంబరం, పెళ్లి పత్రిక మొదటి ప్రూఫు చూసిన పెండ్లికొడుకు తండ్రి కూడా పడి ఉండడు.

తీరిగ్గా ఆలోచిస్తే ఆ సంబరంలో నా గొప్ప ఏమీ లేదు. నోట్‌ప్యాడును తెరిచింది నా స్క్రిప్టు కాదు, విండోస్. స్క్రిప్టు చేసింది అడగడమే. కొత్తగా నేర్చుకునేవాడు రాసే పది వరుసలకు సొంత బలం ఏముంటుంది? ఫోటో కత్తిరించలేదు, పేజీ కట్టలేదు, ప్రింటు కొట్టలేదు. అవన్నీ చేసే పెద్దలు వేరే ఉన్నారు. వాళ్ల ఇంటికి పోయి, అడగాల్సిన తీరులో అడిగి, జవాబు పట్టుకుని రావడం దాని పని. అంటే, నేను ఎనిమిదేళ్లప్పుడు సరిగ్గా చేయలేకపోయిన పని.

మొదటి పాఠం అడ్రసు. నోట్‌ప్యాడుకు ఉత్త పేరు చెబితే చాలింది. ఎందుకంటే అది ఉండే ఫోల్డరు, విండోస్ అలవాటుగా వెతికే చోట్ల పట్టికలో ఉంది. ఆ పట్టికను పాత్ అంటారు. ఊళ్లో పోస్టాఫీసు ఎక్కడంటే ఇంటి నంబరు చెప్పనక్కర్లేనట్టు. మిగతావాటిని ఉత్త పేరుతో పిలిస్తే ఆ ఫైలు కనపడలేదని ఎర్ర అక్షరాల్లో తిరుగు టపా వచ్చింది. వాటికి రైలు కట్ట, వేపమాను, రెండో ఇల్లు అన్నీ చెప్పాలి.

అట్లా చెప్పబోయి ఒక తమాషా జరిగింది. నా పనుల ఫోల్డరుకు ఊరి పేరే ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకున్నాను. సీ డ్రైవు, వెనక్కి వాలిన గీత, దాని వెంటనే తుగ్గలి. ఎన్నిసార్లు నడిపినా ఆ ఫోల్డరు లేదంటుంది. కళ్ల ముందు ఉంటే లేదంటుందేమని స్క్రిప్టు చదివిన అడ్రసును తెర మీద అచ్చు వేయించి చూస్తే, ఊరి పేరులో మొదటి అక్షరం మాయం! ఆ చోట వెడల్పాటి ఖాళీ. వెనక్కి వాలిన గీత పక్కన 'టి' అక్షరం వస్తే పైథాన్‌కు అది ట్యాబ్ గుర్తు. తుగ్గలి తల ఎగిరిపోయి "ఉగ్గలి" మిగిలింది. ఫోను చేస్తే మావాడు పడీ పడీ నవ్వి, కొటేషను ముందర చిన్న 'ఆర్' పెట్టమన్నాడు. ఉన్నది ఉన్నట్టు చదువు, నీ సొంత అర్థాలు తీయొద్దు అని దాని భావమంట. మనుషులకు కూడా మాట ముందర పెట్టుకునే అట్లాంటి అక్షరం ఒకటి ఉంటే ఎన్ని పంచాయితీలు తప్పేవో!

అడ్రసులో ఖాళీలు ఉంటే అది ఇంకో తంటా. 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరు పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. పేరంతా కొటేషన్లలో కట్టకపోతే, మొదటి మాట దగ్గరే ఆగి 'ప్రోగ్రామ్' అనేవాడు ఎవడన్నా ఉన్నాడా అని విండోస్ వెతకవచ్చు. ఆ పేరుతో ఒక దొంగ ప్రోగ్రాము అక్కడ కాచుకుని ఉంటే పిలుపు వాడికే చేరుతుంది. సగం పేరు విని ఇంకొకరింటికి పోయిన పిలగాడి కథే.

వాకిట్లో వాళ్లకు చెప్పొద్దు అని అవ్వ ఎందుకనేదో కూడా ఇక్కడే తెలిసింది. పైథాన్‌లో పిలవడానికి రెండు దారులు. మాటలన్నీ ఒక దండగా గుచ్చి షెల్ చేతికి ఇవ్వడం ఒకటి. ఏ మాటకు ఆ మాట విడిగా పట్టికలో పెట్టి నేరుగా ఆ ప్రోగ్రాముకే ఇవ్వడం రెండోది. షెల్ వాకిట్లో కూర్చున్న పెద్దమనిషి లాంటిది. మన మాట విని, తన తెలివి కలిపి లోపలికి పంపుతుంది. గిరాకీలు వాట్సాప్‌లో పంపే ఫైళ్ల పేర్లు ఎట్లుంటాయో నాకు తెలుసు. పేరు మధ్యలో 'అండ్' గుర్తు ఒకటి ఉంటే చాలు, దాని తర్వాత ఉన్నదంతా ఇంకో ఆజ్ఞ అని షెల్ అనుకోవచ్చు. నూనె పోయండి అని చెప్పి పంపితే, "నూనె పోయండి, బీరువా తాళం కూడా ఇవ్వండి" అని చేరినట్టు. 2000 మే నెలలో ప్రేమలేఖ వేషంలో లోకమంతా తిరిగిన 'ఐ లవ్ యూ' పురుగు కూడా స్క్రిప్టే. విజువల్ బేసిక్ స్క్రిప్టులో రాసిన అది, అవుట్‌లుక్‌ను పిలిచి అందులోని అడ్రసులన్నిటికీ తననే పంపించింది. దానికీ సొంత బలం తక్కువే. ఎవరిని ఎట్లా అడగాలో మాత్రం బాగా తెలుసు.

ఇక ఆగడం. అసలు చిక్కు ఇందులోనే ఉంది.

ఆరు పిలుపులు ఆరు వరుసల్లో రాసి నడిపితే మొదటిది తెరుచుకుంది. రెండోది రాలేదు. టీ తాగి వచ్చి చూసినా రాలేదు. "మొదటిది నువ్వు మూసేదాకా రెండోది రాదు పెదనాయనా. ఆ పద్ధతిలో పిలిస్తే అది పని ముగించి వచ్చేదాకా నీ స్క్రిప్టు వాకిట్లోనే నిలబడుకోనుంటాది" అన్నాడు మావాడు. ఆగకుండా పిలిచే పద్ధతి వేరే ఉంది, దాన్ని పి-ఓపెన్ అంటారు. ఇవన్నీ సబ్‌ప్రాసెస్ అనే మాడ్యూలులో ఉంటాయి. పైథాన్‌లోకి అది 2004లో 2.4 వెర్షనుతో వచ్చింది. ఆగి జవాబు తెచ్చే 'రన్' 2015లో 3.5తో చేరింది.

పి-ఓపెన్ పెడితే ఆరూ ఒక్కసారే లేచినాయి. నా పాత కంప్యూటరు, ఒకే మంచం మీద ఆరుగురు పిల్లలు నిద్ర లేచి ఏడ్చిన ఇల్లయింది. ఆ సందడిలో ఒక పెళ్లి పత్రిక టైపు చేయబోయినాను. అను ఫాంట్లతో పని చేసేవాళ్లకు తెలుసు, వెనకాల కీబోర్డు ప్రోగ్రాము లేచి ఉంటేనే వేళ్లు కొట్టింది తెలుగవుతుంది. అది ఇంకా లేవకముందే నేను కొట్టేసినాను. "శ్రీరస్తు, శుభమస్తు" అనాల్సిన చోట ఒత్తులు, గుడులు, కొమ్ములు సంతలో తప్పిపోయినట్టు నిలబడినాయి. తప్పు ఏ ప్రోగ్రాముదీ కాదు, నాది. తెరుచుకోవడం వేరు, సిద్ధంగా ఉండటం వేరు. పిలిచినానని నేను అనుకున్నాను గానీ, వచ్చినావా అని అడగలేదు.

ఈ సంగతి మా రైలు స్టేషనుకు ఏనాడో తెలుసు. తుగ్గలికి ఒక పక్క మద్దికెర, ఇంకో పక్క పెండేకల్లు. స్టేషన్ మాస్టరు బండిని వదిలే ముందు అవతలి స్టేషన్‌ను అడుగుతాడు. అక్కడి నుంచి లైను క్లియరు వస్తేనే బండి కదులుతుంది. బండి చేరినాక చేరిందని అవతలి నుంచి కబురు రావాలి. ఆ కబురు వచ్చేదాకా ఆ దారిలో ఇంకో బండి ఎక్కదు. పంపడం సగం పనేనని రైల్వేవాళ్లు నమ్ముతారు కాబట్టే మనం నిద్రపోతూ ప్రయాణం చేస్తున్నాం.

కంప్యూటరులో ఆ కబురుకు ఒక అంకె ఉంది. పిలిచిన ప్రోగ్రాము పని ముగించి పోతూ పోతూ ఒక నంబరు వదిలిపోతుంది. బాగా జరిగితే సున్నా. తేడా వస్తే ఒకటో, రెండో, ఇంకోటో. బడిలో సున్నా అంటే బెత్తం దెబ్బలని తెలిసినవాణ్ణి, దీనికి అలవాటు పడటానికి కొన్నాళ్లు పట్టింది. తర్వాత ఆలోచిస్తే ఇది మన పద్ధతే. దూరపు ఊరి నుంచి ఫోను వస్తే గుండె దడదడలాడుతుంది. "ఏం సంగతి?" అంటాం. "ఏం లేదు, ఊరికే చేసినా" అంటారు. ఆ "ఏం లేదు" కన్నా మంచి కబురు ఇంకోటి ఉందా? బాగుండటానికి ఒకటే తీరు, చెడిపోవడానికి వెయ్యి తీర్లు. అందుకే మంచికి ఒక్క సున్నా పెట్టి, మిగతా అంకెలన్నీ కష్టాలకు వదిలేసినారు. ఇంకా పనిలోనే ఉన్న ప్రోగ్రామును మధ్యలో పలకరిస్తే అది ఏ అంకే చెప్పదు, 'నన్' అంటుంది. అది మూడో జవాబు. పొయ్యి మీద ఎసరు ఉంది, ఉండు అన్నట్టు.

అయితే సున్నాను గుడ్డిగా నమ్మకూడదు. వజ్రాల కాలంలో మా అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్లను ఎవరినన్నా అడగండి, "ఏమన్నా దొరికిందా?" అని. జవాబు ఒకటే. "ఏం లేదన్నా." దొరకనివాడూ అంతే అంటాడు, దొరికినవాడూ అంతే అంటాడు. కొన్ని ప్రోగ్రాములూ అంతే. లోపల ఏం జరిగినా సున్నా చెప్పి పోతాయి. కబురు అందుకోవడం ఎంత ముఖ్యమో, కబురు చెప్పేవాడి గుణం తెలుసుకోవడం అంత ముఖ్యం. పెళ్లి పత్రిక ప్రింటు అయిందని సున్నా వచ్చినా, ట్రేలో కాగితం ఉందా లేదా అని వంగి చూసుకునేవాడే అంగడి నడపగలడు.

ఈ పిలిచే విద్య మొన్న పుట్టింది కాదు. 1963-64 ప్రాంతంలో, అమెరికాలోని ఎంఐటీలో పనిచేస్తూ లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఆయన, ఒక ఫైలులో రాసిపెట్టిన ఆజ్ఞలను వరుసగా నడిపే రన్‌కామ్ అనే ప్రోగ్రాము రాసినాడు. షెల్ అనే పేరు పెట్టింది ఆయనే. 1964లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్, తోటలో నీళ్ల గొట్టానికి గొట్టం బిగించినట్టు ప్రోగ్రాముకు ప్రోగ్రామును తగిలించే వీలు ఉండాలని ఒక కాగితం మీద రాసుకున్నాడు. తొమ్మిదేళ్లకు, 1973లో, కెన్ థామ్సన్ దాన్ని యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో నిజం చేసినాడు. బోరు దగ్గర పైపుకు పైపు తగిలించి చివరి మడికి నీళ్లు పారించే మా రైతుకు ఇది చెబితే, ఇందులో కొత్తేముందని అడుగుతాడు.

యూనిక్స్‌లో పిలిచినదాన్ని తల్లి అని, పిలిపించుకున్నదాన్ని బిడ్డ అని అంటారు. తల్లి ముందే పోతే అనాథ బిడ్డను ఒకటో నంబరు ప్రాసెసు దత్తత తీసుకుంటుంది. బిడ్డ పని ముగించి పోయినా, ఏమైందని తల్లి అడగనంతకాలం దాని పేరు పట్టికలో అట్లే వేలాడుతుంది. దాన్ని జాంబీ అంటారు. భయపెట్టే పేరు గానీ, నాకు మాత్రం అందులో దయ్యం కనపడలేదు. పని చేసి వచ్చి, చెప్పడానికి నిలబడి, ఎవరూ అడగక అట్లే నిలబడిపోయిన బిడ్డ కనపడింది.

మొన్న ఒక ఆదివారం అంగడి మూసి ఎర్రగుడి పోయినాను. గుత్తి–పత్తికొండ దారిలో, మా మండలంలోనే ఉంది అశోకుని శాసనాల గుట్ట. చిన్నప్పుడు బడిపిల్లలతో పోయినప్పుడు బండలు ఎక్కి దూకడమే తెలుసు. ఈసారి కళ్లతో చూసినాను. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష, 2,200 ఏళ్లకు పైబడిన రాత. 1920ల చివర్లో దీన్ని లోకానికి చూపించిన భూగర్భ శాస్త్రవేత్త పేరు అను ఘోష్. రోజంతా అను ఫాంట్లతో బతికే నాకు ఆ పేరు చూసి నవ్వొచ్చింది. అక్కడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు. సాలు చివర ఎద్దులు మళ్లినట్టు రాత మళ్లుతుంది. ఇట్లాంటి రాతకు గ్రీకులో ఉన్న పేరుకు అర్థం కూడా ఎద్దు మళ్లడమే.

నన్ను నిలబెట్టింది మాత్రం అందులోని సంగతి. ఆ బండ తానుగా ఏ పనీ చేయదు. అందులో ఒక భాగమంతా పిలుపులే. రాజు మాట ప్రకారం రజ్జుకులనే అధికారులను పురమాయించాలి. వాళ్లు పల్లె జనాన్నీ, రాష్ట్రికులనూ పురమాయిస్తారు. తల్లిదండ్రుల మాట వినండి, గురువుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని. తర్వాత ఏనుగులు నడిపేవాళ్లను, లేఖకులను, రథాలు తోలేవాళ్లను, చదువు చెప్పే బ్రాహ్మణులను కూడా ఇట్లే పురమాయించాలి. అక్కడ లేఖకులకు వాడిన మాట మన కరణానికి చుట్టమే. పిలుపులో పిలుపు, దానిలో ఇంకో పిలుపు. మా మండలంలో దొరికిన అతి పాత స్క్రిప్టు ఇదే అనుకుంటే తప్పేముంది?

జొన్నగిరినే సువర్ణగిరి అని చెప్పే చరిత్రకారులు ఉన్నారు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం చూస్తే, సువర్ణగిరిలోని రాజకుమారుడూ మహామాత్రులూ ఇసిల అనే ఊరి మహామాత్రులకు ముందు క్షేమం అడిగి, తర్వాత రాజు ఆజ్ఞ చెబుతారు. ఎంత పద్ధతైన పిలుపు! ఎవరు పంపినారు, ఎవరి ద్వారా, ఎవరికి, అన్నీ ఉన్నాయి. చివర చపడుడనే లిపికారుడు తన పేరు కూడా చెక్కుకున్నాడు. నా వృత్తివాడు. పత్రిక అడుగున ప్రెస్సు పేరు వేసుకునే మా అలవాటు ఆయన దగ్గరి నుంచే వచ్చిందేమో!

అన్నీ ఉన్నాయి గానీ, ఏమన్నారో తెచ్చి చెప్పినవాళ్ల రాత ఎర్రగుడి బండ మీద లేదు. రజ్జుకులు పోయి చెప్పినారా? పల్లె జనం ఏమన్నారు? ఏనుగు మీద ఉన్నవాడు విని తల ఊపినాడా, నవ్వినాడా? విండోస్‌లో స్టార్ట్‌ఫైల్ అనే పిలుపు ఒకటి ఉంది. పిలిచి వదిలేస్తుంది, ఆగే వీలు లేదు, జవాబు తెచ్చే దారీ లేదు. బండ ముందర నిలబడితే నాకు అదే గుర్తుకొచ్చింది. ఎంత పెద్ద రాజైనా, పంపడం ఆయన చేతిలో ఉంది. వినడం వేరే వాళ్ల చేతిలో ఉంది.

ఇప్పుడు నా స్క్రిప్టు ఇరవై వరుసలు దాటింది. కీబోర్డు ప్రోగ్రామును ముందు లేపుతుంది, కాసేపు ఆగుతుంది, తర్వాతే పేజ్‌మేకర్‌ను పిలుస్తుంది. పిలిచిన ప్రతిదాన్నీ పలకరిస్తుంది. ఆ పలకరింపు వరుసకు తెర మీద ఏం కనపడాలో నేనే రాసుకున్నాను. "ఏమన్యాడు?" అని.

ఆ మాట రాసిన రోజు, నలభై ఏళ్ల కింద నేను తేవాల్సిన జవాబు గుర్తుకొచ్చింది. గానుగాయన ఆ పొద్దు నూనె పోసి, మూత బిగించి, నా నెత్తి నిమిరి ఒక మాట అన్నాడు. "మీ అవ్వకు చెప్పు నాయనా, బాకీకి ఏం తొందర లేదు. చెనక్కాయలు అమ్మినాక చూసుకుందాం." నేను విన్నాను. గోలీలు నన్ను పిలిచినాయి, నేను మర్చిపోయినాను. ఆ మాపు అవ్వ పక్కింట్లో చేయి చాపి, నాలుగు రూపాయలు బదులు తీసుకుని, చీకట్లో రైలు కట్ట దాటి పోయి బాకీ తీర్చి వచ్చింది. వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయప్ప ఏమన్యాడో ఆమెకు అప్పటికే తెలిసి ఉంటుంది.